ఎనిమిదా, పన్నెండా?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. వయసు 42, ఒక ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ చూస్తారు. రెండేళ్ళ కిందట మూడు నెలల షుగర్ పరీక్షలో 6.1 వచ్చింది. డాక్టరు మందు రాయకుండా ముందు ఒళ్ళు కదిలించమన్నారు. ఇంట్లో ఆమె చిన్న కోడలు. పెద్ద కోడలు ఆమెకంటే నాలుగేళ్ళు పెద్ద. ఉత్తరమంతా 'అక్క' అనే రాశారు కాబట్టి నేనూ అలాగే అంటాను. ఆ అక్కే ఈమెను చీకటితో లేపి ఎస్వీ యూనివర్సిటీ వైపు నడకకు తీసుకుపోయేది. నడక అలవాటయ్యాక ఇద్దరూ ఆడవాళ్ళ బ్యాచ్‌లో ఈతకు చేరారు. మొదటి వారం ఈమె గట్టు వదలకుండా ఏడుస్తుంటే, నడుం కింద చెయ్యి పెట్టి నీళ్ళమీద తేలడం నేర్పింది కూడా అక్కే.

మొన్న ఫిబ్రవరిలో ఊరి చివర ఒక ఫిట్‌నెస్ సెంటర్‌లో ఇండోర్ ట్రయథ్లాన్ పెట్టారు. ఈ పేరు కొత్తగా వినేవాళ్ళకోసం ఒక్క ముక్క. ఈత, సైకిల్, పరుగు, ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి చేస్తే ట్రయథ్లాన్. ఆరుబయట పోటీలో దూరం ముందే ఖాయం చేస్తారు, తక్కువ టైములో ముగించినవాళ్ళు గెలుస్తారు. నాలుగ్గోడల మధ్య పెట్టేటప్పుడు ఎక్కువగా దీన్ని తిరగేస్తారు. టైము ఖాయం, ఆ టైములో ఎవరెంత దూరం పోతే అంత. ఇక్కడ పది నిమిషాలు ఈత, ముప్పై నిమిషాలు జిమ్ సైకిల్, ఇరవై నిమిషాలు ట్రెడ్‌మిల్, మధ్యలో బట్టలు మార్చుకోవడానికి కాస్త వ్యవధి. ఇద్దరి పేర్లూ అక్కే ఇచ్చింది. అత్తగారు మాత్రం "అంత దుడ్డు కట్టి నీళ్ళల్లో మునిగేదానికి పోతారా? కొండెక్కితే పుణ్యమన్నా వస్తాది" అన్నారట.

ఆ రోజు సంగతి ఆమె మాటల్లోనే కొంత చెప్తాను. "విజిల్ వెయ్యగానే అంతా మర్చిపోయాను. నేర్చుకున్న బ్రెస్ట్ స్ట్రోక్ ఒకటి, నేను కొట్టింది ఇంకొకటి. రెండుసార్లు తాడు పట్టుకుని ఊపిరి తీసుకున్నా. లెక్క మాత్రం తప్పలేదు, ఎనిమిదోసారి గోడ తాకాక విజిల్ వచ్చింది. సైకిల్ మీద బాగుంది, పక్కన ఎవరున్నారో కూడా చూడలేదు. సైకిల్ దిగి ట్రెడ్‌మిల్ ఎక్కగానే కాళ్ళు నావి కాదనిపించింది. కాసేపు నడిచి, కాసేపు పరిగెత్తి ముగించాను."

అయ్యాక గోడకు ఫలితాల షీట్ అంటించారు. నలభై దాటిన ఆడవాళ్ళ విభాగంలో ఐదుగురు. ఈమె పేరు పక్కన ఈత పన్నెండు లెంగ్త్‌లు (పూల్ ఈ గోడ నుంచి ఆ గోడకు ఒకసారి ఈదితే ఒక లెంగ్త్), సైకిల్ 11.4 కిలోమీటర్లు, పరుగు 2.1. అక్క పేరు పక్కన పది లెంగ్త్‌లు, 11.1, 2.2. ఈమె మూడో స్థానం, అక్క నాలుగు. ఎనిమిది పన్నెండెలా అయిందా అని ఆలోచిస్తుండగానే మైకులో పేరు పిలిచారు, మెడలో మెడల్ పడింది, ఫోటో తీశారు. ఆ ఫోటో ఇప్పుడు కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఉంది. మెడల్ ఇంట్లో షోకేసులో ఉంది. పుణ్యం గురించి మాట్లాడిన అత్తగారే వచ్చినవాళ్ళందరికీ చూపించి "పెద్దది నేర్పించింది, చిన్నది గెలిచింది" అంటున్నారు. అక్క నవ్వుతుంది. కానీ మార్చి మొదలైన దగ్గర్నుంచి పొద్దున నడకకు రావడం లేదు, మోకాలు నొప్పంటోంది.

భర్త "అదేమన్నా ఒలింపిక్సా, వదిలెయ్" అన్నారు. ఇంటర్ చదివే కొడుకు "చెప్పెయ్యి మా" అన్నాడు. మేలో గంగమ్మ జాతరకు చుట్టాలంతా దిగుతారు, మెడల్ మాట మళ్ళీ లేస్తుంది. జులైలో రెండో పోటీ ఉంది, పేరివ్వమని అక్కడి ట్రైనర్ ఫోన్ చేస్తున్నాడు. ఆమె అడిగినవి మూడు ప్రశ్నలు. అక్కకు చెప్పాలా? మెడల్ తిరిగిచ్చెయ్యాలా? లేకపోతే ఇంత చిన్నదానికి ఇంత ఆలోచించడం నా పిచ్చా?

పిచ్చి కాదు. కాళ్ళ సంగతి ముందు చెప్పేస్తాను, దాని గురించి మీరు అర పేజీ సిగ్గుపడ్డారు కాబట్టి. అరగంట సైకిల్ తొక్కి దిగి పరిగెత్తబోతే ఎవరి కాళ్ళయినా బరువెక్కుతాయి. ఈ ఆటను వృత్తిగా చేసేవాళ్ళు కూడా సైకిల్ దిగిన వెంటనే పరిగెత్తడాన్ని విడిగా సాధన చేస్తారు. మీకు జరిగింది మామూలు సంగతి. మీరు పోటీ చివరిదాకా చేశారు, అందులో ఎవరికీ సందేహం లేదు.

ఇక లెక్క. కొత్తవాళ్ళు నీళ్ళల్లో లెక్క తప్పడం సహజం, అందుకని ముందు మీ ఎనిమిదినే అనుమానించి చూశాను. ప్రాక్టీసులో ఒక లెంగ్త్‌కు ఇంచుమించు నిమిషం పడుతుందని, ప్రతి గోడ దగ్గరా కాస్త ఆగుతానని మీరే రాశారు. ఆ లెక్కన పది నిమిషాల్లో ఎనిమిది సరిపోతుంది. పన్నెండు కావాలంటే ఎక్కడా ఆగకుండా లెంగ్త్‌కు యాభై సెకన్లు పడాలి. పోటీ ఊపులో వేగం కొంత పెరిగిందనుకున్నా, రెండుసార్లు తాడు పట్టుకున్న మనిషికి అది కుదరదు. రానుపోను కలిపి ఒకటనుకున్నారా, విడివిడిగా రెండనుకున్నారా అన్న తికమక ఇలాంటి చోట తరచూ జరుగుతుంది. అలా జరిగి ఉంటే మీ ఎనిమిది నాలుగో, పదహారో అయ్యేది. పన్నెండు కాదు. నాలుగు గీతలు మీవి కానివి మీ పేరు పక్కన పడ్డాయి.

ఎవరివి? మీ ఉత్తరం మూడో పేజీలో, బట్టల సంచి సర్దుకోవడం గురించి రాస్తూ ఒక వాక్యం వదిలారు: "నా లేన్‌లోనే ఈదిన కాలేజీ పిల్ల, ఇద్దరికీ ఒకే రంగు టోపీ ఇచ్చారు, షీట్ దగ్గర నిలబడి 'పద్దెనిమిది కొట్టానన్నా, పద్నాలుగే రాశారు' అని వాదిస్తా ఉంటే, వలంటీరు అబ్బాయి పేపర్లో ఏముంటే అదే అన్నాడు." అంతే. ఆ తర్వాత మళ్ళీ అత్తగారి దగ్గరికి వెళ్ళిపోయారు. ఉత్తరం చివరిదాకా ఆ పిల్ల మళ్ళీ రాదు.

మీరు అకౌంట్స్ చూసే మనిషి. ఒక ఖాతాలో నాలుగు ఎక్కువగా కనపడి, పక్క ఖాతావాళ్ళు నాలుగు తగ్గాయని గొడవ పెడుతుంటే ఆఫీసులో మీరేం చేస్తారో నాకు చెప్పక్కర్లేదు. ఆ వాక్యం మీరు ఊరికే రాశారనుకోను. రెండు నెలలుగా మీ నిద్ర పాడుచేస్తున్నది షోకేసులోని మెడల్ అని మీరనుకుంటున్నారు. నాకు మాత్రం ఆ షీట్ దగ్గర నిలబడ్డ పిల్ల అనిపిస్తోంది. అక్క విషయంలో మీ దగ్గరున్నది అనుమానం. ఈ పిల్ల విషయంలో మీరు సాక్షి, అదీ ఒకే ఒక్క సాక్షి. ఆమె అబద్ధం చెప్పడం లేదని తెలిసిన మనిషి ఆ హాల్లో మీరు తప్ప ఇంకొకరు లేరు.

ఆ క్షణంలో మీరు మాట్లాడలేదని మిమ్మల్ని నిలదియ్యడం నా ఉద్దేశం కాదు. అప్పుడే నీళ్ళు, సైకిల్, ట్రెడ్‌మిల్ దాటి వచ్చారు, ఊపిరింకా కుదుటపడలేదు, మీ అంకె మీకే అర్థం కాలేదు, ఇంతలో మైకులో పేరు పిలిచారు. అలాంటప్పుడు ఎవరికైనా నోరు పెగలదు. ఇప్పుడు చెయ్యగలిగింది ఏమిటన్నదే ప్రశ్న.

అక్క దగ్గరికి వెళ్ళేముందు ఇంకో లెక్క చూడాలి. "అక్క మెడల్ నేను వేసుకున్నాను" అని మూడుచోట్ల రాశారు. అది నిజమో కాదో మీకింకా తెలియదు. ఇలాంటి పోటీల్లో స్థానాలు ఒకే పద్ధతిలో వెయ్యరు. కొందరు మూడింటి దూరమూ కూడేస్తారు. అలా చూస్తే మీది 13.8 కిలోమీటర్లు, అక్కది 13.55. మీ ఈత పన్నెండు లెంగ్త్‌లు తీసి ఎనిమిది వేసినా, ఇరవై ఐదు మీటర్ల పూల్ కాబట్టి తగ్గేది వంద మీటర్లు, మీది 13.7 అవుతుంది. అప్పటికీ మూడో స్థానం మీదే. సైకిల్ మీద మీరు తెచ్చుకున్న మూడు వందల మీటర్లు ఈత తేడాను మింగేశాయి.

ఇంకొందరు ఈత, సైకిల్, పరుగు విడివిడిగా స్థానాలు వేసి, ఆ అంకెలు కూడి, తక్కువ వచ్చినవాళ్ళను ముందు పెడతారు. మీరు పంపిన షీట్‌లో మొదటి ఇద్దరూ మూడింటిలోనూ మీ ఇద్దరికంటే ముందున్నారు. ఐదో ఆవిడ ఆరు లెంగ్త్‌లే ఈదారు, మిగతా రెండింటిలోనూ చివరే. కాబట్టి మధ్యలో తేలాల్సింది మీరిద్దరే. షీట్ ప్రకారం మీకు ఈతలో మూడు, సైకిల్‌లో మూడు, పరుగులో నాలుగు, మొత్తం పది. అక్కకు పదకొండు. ఈత సరిచేస్తే మీకు పదకొండు, అక్కకు పది. స్థానాలు తారుమారు.

అంటే ఆ మెడల్ ఎవరిదన్నది వాళ్ళు ఏ పద్ధతి వాడారన్న ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది. ఆ ప్రశ్న మీరు ఎవరినీ అడగలేదు. అడగకుండా అక్క దగ్గరికి పోయి "నీ మెడల్ నా దగ్గరుంది, తీసుకో" అంటే, తీరా అది మీదే అయితే, అక్కను రెండుసార్లు ఓడించినట్టవుతుంది.

ఈ సందర్భంలో ఒక విచిత్రం చెప్పకుండా ఉండలేను. జిమ్ సైకిల్ ఎక్కడికీ కదలదు. అది చూపించే కిలోమీటర్లు లోపలి చక్రం తిరుగుడును బట్టి మెషీన్ కట్టే అంచనా. కంపెనీ మారితే, కొన్నిసార్లు పక్కపక్క మెషీన్లకే, అంకె మారుతుంది. ట్రెడ్‌మిల్‌దీ బెల్టు తిరుగుడు లెక్కే, సరిగ్గా సెట్ చెయ్యకపోతే తేడా చూపిస్తుంది. ఈ మూడింటిలో నిజంగా టేపు పెట్టి కొలవగలిగిన దూరం పూల్ ఒక్కటే. దాన్ని మాత్రం గట్టుమీద నిలబడ్డ ఒక కాలేజీ కుర్రాడి కంటికీ పెన్నుకూ వదిలేశారు. ఒక లేన్‌లో ఇద్దరు, ఒకే రంగు టోపీలు, మొహాలు నీళ్ళల్లో. అతను తప్పు వెయ్యకుండా ఉంటేనే ఆశ్చర్యం. అందుకే అతని మీద నాకు కోపం రావడం లేదు, 'పేపర్లో ఏముంటే అదే' అన్న మాట మీద తప్ప.

మీ ముందు ఉన్న దారులు ఒక్కొక్కటే చూద్దాం.

మీ ఆయన చెప్పినట్టు వదిలెయ్యడం ఒకటి. ఆయన మాటలో పస లేకపోలేదు. ట్రయథ్లాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2000లో, సిడ్నీలో. అక్కడ ఒకటిన్నర కిలోమీటరు ఈత, నలభై కిలోమీటర్ల సైకిల్, పది కిలోమీటర్ల పరుగు. మీది దానితో పోల్చేది కాదు. నిజానికి ఈ ఆట పుట్టుకే చిన్నది. 1974 సెప్టెంబరులో అమెరికాలో శాన్‌డియేగో అనే ఊళ్ళో, ఒక పరుగు క్లబ్బువాళ్ళు రోజూ చేసే ట్రాక్ ప్రాక్టీసు విసుగొచ్చి సరదాగా పెట్టుకున్న పోటీ అది. కాబట్టి 'చిన్న విషయం' అన్నంతవరకు మీ ఆయనతో నాకు పేచీ లేదు. వదిలేస్తే బయట ఏమీ జరగదు, ఎవరూ కనిపెట్టరు. జాతరకు చుట్టాలొస్తారు, అత్తగారు షోకేసు తెరుస్తారు, మీరు మాట మారుస్తారు. మెల్లగా అది పాతబడుతుంది కూడా. అలా పాతబడనివ్వగల మనిషి మీరైతే ఈ దారి మంచిదే. నాలుగు పేజీలు రాశారు కాబట్టి నాకు సందేహం.

అక్కకు మాత్రమే చెప్పడం ఇంకోటి. ఇది దగ్గర దారిలా కనిపిస్తుంది, అందుకే జాగ్రత్త. మీరు చెప్పగానే ఆమె "ఏందిమే, దీనికింతనా, వదిలెయ్" అంటుందని మీకు ముందే తెలుసు. నడుం కింద చెయ్యి పెట్టి తేల్చిన మనిషి మిమ్మల్ని ముంచదు. ఆ మాటతో మీకు భారం దిగినట్టుంటుంది. కానీ ఆ 'వదిలెయ్' ఆమె తన వాటాకు చెప్పగలదు, కాలేజీ పిల్ల వాటాకు కాదు. పైగా తీర్పు ఆమె చేతిలో పెట్టడం అన్యాయం కూడా. వదిలెయ్ అనకపోతే మెడల్‌కోసం ఏడుస్తోందనుకుంటారని ఆమెకూ ఉంటుంది. అక్కకు చెప్పాలనుకుంటే, ఏం చెయ్యమంటావని అడగడానికి కాకుండా, మీరు ఏం చెయ్యబోతున్నారో, ఏం చేశారో చెప్పడానికి వెళ్ళండి.

మెడల్ తీసుకుపోయి అందరిముందు అక్క మెడలో వెయ్యడం గురించి కూడా రాశారు, జాతరనాడే, అత్తగారి ఎదురుగా. ఇది వద్దనిపిస్తోంది. చదవడానికి బాగుంటుంది, ఆ గదిలో నిలబడ్డ అక్కకు మాత్రం నరకం. నాలుగో స్థానం వచ్చిన మనిషికి చుట్టాల మధ్య మూడో స్థానం దానం చేస్తే ఆమె ఏ మొహం పెట్టాలి? చూసేవాళ్ళు మీ మంచితనాన్ని మెచ్చుకుంటారు, అంటే ఆ రోజు కూడా గెలిచేది మీరే.

ఇక నిర్వాహకులకు రాయడం. ఇదే నాకు సబబుగా కనిపిస్తున్న దారి, అయినా దీనికీ ఖర్చుంది. గుర్తింపు ఉన్న పోటీల్లో అభ్యంతరాలు చెప్పడానికి నిర్ణీత గడువు ఉంటుంది, అది దాటితే ఫలితం ఖాయం. మీ పోటీకి అలాంటి నియమం ఏదీ చెప్పలేదన్నారు కాబట్టి, రెండు నెలలయ్యాక వాళ్ళు పట్టించుకోవచ్చు, పట్టించుకోకపోవచ్చు. జవాబే రాకపోవచ్చు. "పోనీలెండి మేడమ్" అనొచ్చు. షీట్ సరిచేసి మెడల్ అడగొచ్చు, అప్పుడు కాలేజీ గ్రూపులోని ఫోటో గురించి మీరే ఒక మాట చెప్పుకోవాల్సి వస్తుంది. ఆ ఇబ్బంది నిజమైనదే, అయితే అది ఒక పూట ఇబ్బంది. ఇటువైపు దక్కేదేమిటంటే, తన లెక్క సరైనదని ఆ పిల్లకు ఇంకొకరి నోటినుంచి వినపడుతుంది. ఆమెది వేరే విభాగం, నాలుగు లెంగ్త్‌ల వల్ల ఆమెకు స్థానం పోయిందో లేదో మీ ఉత్తరంలో లేదు. పోకపోయినా, అబద్ధం చెప్తున్నావన్నట్టు మాట్లాడించుకుని ఇంటికెళ్ళింది.

రాయాలనుకుంటే పొడుగ్గా వద్దు, క్షమాపణల దండకం అసలే వద్దు. ఇలా సరిపోతుంది: "ఫిబ్రవరి పోటీలో ఫలానా బ్యాచ్, ఫలానా లేన్‌లో ఈదాను. నేను ఈదింది ఎనిమిది లెంగ్త్‌లని నాకు బాగా గుర్తు, షీట్‌లో పన్నెండు ఉంది. నా లేన్‌లోనే ఉన్న అమ్మాయి తనకు నాలుగు తక్కువ పడ్డాయని ఆరోజే మీవాళ్ళకు చెప్పింది. రెండూ కలిపి చూడండి. ఆమెకు ఈ సంగతి తెలియజేయండి. మా విభాగంలో స్థానాలు దూరం కూడి వేశారా, విడివిడి స్థానాలు కూడి వేశారా అన్నది కూడా చెప్పండి. మెడల్ విషయంలో మీరు ఏం చెప్తే అది చేస్తాను." లెక్కపెట్టిన అబ్బాయిని తిట్టొద్దని ఒక వాక్యం కలిపితే కలపండి. ట్రైనర్ ఎలాగూ ఫోన్ చేస్తున్నాడు కదా, అతని ద్వారా పంపితే చేరుతుంది. ఆ పిల్ల నంబరు మీరు సంపాదించి నేరుగా మాట్లాడే ప్రయత్నం మాత్రం చెయ్యకండి. ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్ చేసి ఇదంతా చెప్తే ఆమె కంగారుపడుతుంది.

ఇది చేసినా అక్క నడకకు రావడం మొదలుపెడుతుందని నేను మాటివ్వలేను. ఆమె రాకపోవడానికీ పన్నెండు లెంగ్త్‌లకూ మీరు ముడి వేశారు. ముందుగా, 46 ఏళ్ళ మనిషి మోకాలు నొప్పంటే అది మోకాలు నొప్పే కావచ్చు. ట్రెడ్‌మిల్ మీద మీకంటే ఎక్కువ పరిగెత్తింది కూడా. ఎవరైనా డాక్టరుకు చూపించారా? ఉత్తరంలో ఆ మాటే లేదు. రెండోది, ఆమెకు నొప్పి కలిగిందనే అనుకుందాం. మీరు నిజంగానే పన్నెండు లెంగ్త్‌లు ఈది, ఏ తప్పూ లేకుండా మూడో స్థానం తెచ్చుకుని ఉంటే "పెద్దది నేర్పించింది, చిన్నది గెలిచింది" అన్న మాట ఆమెకు తగలకుండా పోయేదా? తగిలేది, ఇంతే తగిలేది. ఆ మాటకు వలంటీరు బాధ్యుడు కాదు. షీట్ సరిచేసినా ఆ మాట చేసిన గాయం మానదు. దానికి మందు వేరే.

ఆ మందు అత్తగారి దగ్గర, ఆమె భాషలోనే మొదలుపెట్టాలి. ఆవిడకు లెంగ్త్‌లు, స్థానాల లెక్కలు చెప్పి ప్రయోజనం లేదు. కొండెక్కితే పుణ్యమన్న మనిషి కదా, తనూ ఎక్కే ఉంటారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు. మోకాళ్ళ పర్వతం దగ్గర ఊపిరాడక కూచుంటే, తోడొచ్చినవాళ్ళు కొంగు పట్టుకుని లేపుతారు. పైకి చేరాక ముందెవరు, వెనకెవరు అని అడిగేవాళ్ళుండరు. తోడెవరొచ్చారని అడుగుతారు. ఈసారి ఆవిడ షోకేసు తెరిచినప్పుడు మీరు వంటింట్లోకి పోకుండా పక్కన నిలబడి, "అత్తా, నీళ్ళంటే ఏడ్చేదాన్ని, అక్క లేకపోతే దిగేదాన్నే కాదు" అనండి. చుట్టాలు వినేట్టు అనండి. అది నిజం కాబట్టి నటించక్కర్లేదు. ఇందులో మెడల్ ప్రసక్తే రాకపోయినా ఫర్వాలేదు. ఒకసారితో ఆవిడ మానరు, మళ్ళీ అంటారు, మళ్ళీ మీరూ అనండి. మెడల్ ఉన్నా, తిరిగి వెళ్ళిపోయినా, ఈ పని మాత్రం మీకు మిగిలే ఉంటుంది.

వరస ఎలా అని అడుగుతారేమో. జాతర లోపల నిర్వాహకులకు రాసి, రాసిన రోజు సాయంత్రమే అక్క దగ్గరికి వెళ్తే బాగుంటుందని నా ఆలోచన. జవాబు వచ్చేదాకా ఆగితే, అది ఏ ట్రైనర్ నోటినుంచో అక్క చెవిలో ముందు పడుతుంది. అంతకంటే ఘోరం లేదు. వెళ్ళినప్పుడు మోకాలి సంగతి ముందడగండి, షీట్ సంగతి తర్వాత. రెండూ ఒకే గుక్కలో చెప్తే మోకాలు నెపంలా వినపడుతుంది. మీకు ముందు అక్కకు చెప్పాకే రాయాలనిపిస్తే అలాగే చెయ్యండి, ఆమె 'వదిలెయ్' అన్నా రాయగలనన్న నమ్మకం ఉంటేనే. మీ కొడుకు 'చెప్పెయ్యి మా' అన్నాడు చూశారా, ఎవరికి చెప్పాలో అతను అనలేదు. ఉత్తరం డ్రాఫ్టు అతనికి చూపించండి. ఇంటర్ చదివే పిల్లవాడు, షీట్ దగ్గర నిలబడ్డ అమ్మాయికి ఇంచుమించు ఈడువాడు, మీకూ నాకూ తట్టనిది ఏదైనా అతనికి తట్టొచ్చు.

జులై పోటీ గురించి. దీన్ని పరిహారంగా చూడకండి. అక్కడ నిజాయితీగా పది లెంగ్త్‌లు కొట్టి ఫిబ్రవరి లెక్క మాఫీ చేసుకుందామన్న ఆశ ఉత్తరంలో వరసల మధ్య కనపడింది. దానికిది జమ కాదు. వెళ్ళాలనిపిస్తే ఆటకోసం వెళ్ళండి. అక్క మోకాలికి డాక్టరు సరే అంటే ఆమెనూ అడగండి. సరే అనకపోతే ఈత ఒక్కటీ కొనసాగించవచ్చేమో ఆయన్నే అడగమనండి, నీళ్ళల్లో మోకాలి మీద బరువు తక్కువ పడుతుంది కాబట్టి చాలామందికి అది కుదురుతుంది. మీ షుగర్ పరీక్ష ఆ తర్వాత మళ్ళీ చేయించారో లేదో రాయలేదు. చేయించకపోతే పోటీకి ముందే చేయించండి, మొదలుపెట్టింది దానికోసమే కదా.

పేరిస్తే, రెండు మాటలు ట్రైనర్‌తో ముందే మాట్లాడుకోండి. ఒక లేన్‌లో ఇద్దరుంటే టోపీలు రెండు రంగులు ఉండాలని, ఒక్కొక్కరికి ఒక్కో మనిషి లెక్క పెట్టాలని అడగండి. వాళ్ళకది పెద్ద ఖర్చు కాదు. విజిల్‌కు ముందు గట్టుమీద ఉన్న వలంటీరు దగ్గరికి వెళ్ళి, మీరెవరో, ఏ టోపీయో చెప్పండి. నీళ్ళల్లోంచి లేవగానే, తల తుడుచుకోకముందే, "ఎన్ని రాశావు నాయనా?" అని అడగండి. తేడా ఉంటే ఆ నిమిషంలోనే, ఇద్దరికీ గుర్తున్నప్పుడే, సరిచేయించుకోవచ్చు.